డానోన్ ఫాబర్‌ను దించింది మంచితనానికా, మందగించిన షేరుకా?

గోదారి_గట్టు:
మా వాట్సాప్ గుంపులో తెగలేదు, ఇక్కడ పెడుతున్నా. డానోన్ అంటే ఫ్రెంచ్ పెరుగు కంపెనీ, ఎవియాన్ నీళ్లూ వాళ్లవే. ఇమ్మాన్యుయేల్ ఫాబర్ 1997లో అందులో చేరి 2014లో సీఈఓ అయ్యాడు, 2017 చివర్లో ఛైర్మన్ కుర్చీ కూడా ఆయనకే ఇచ్చారు. 2020 జూన్‌లో, లాభంతో పాటు సమాజం, పర్యావరణం కూడా మా లక్ష్యమేనని కంపెనీ నియమావళిలోనే రాయించాడు. వాటాదారుల్లో 99 శాతానికి పైగా సై అన్నారు. మిల్టన్ ఫ్రీడ్‌మన్ విగ్రహాన్ని పడగొట్టారని వాళ్లను మెచ్చుకున్నాడు (లాభం తేవడమే కంపెనీ ధర్మం అన్నది ఆ ఆర్థికవేత్తే). తొమ్మిది నెలలు తిరిగాయో లేదో, 2021 మార్చిలో సాగనంపేశారు. మంచోడు కాబట్టే పంపారంటాను నేను.

లెక్కల_మాస్టారు:
మంచోడా చెడ్డోడా అని బోర్డు చూడదండీ. ఆయన హయాంలో నెస్లే, యూనిలీవర్ షేర్లు ముందుకు పోతే డానోన్ వెనకబడింది. 2017లో అమెరికాలో వైట్‌వేవ్‌ని అప్పుతో కలిపి సుమారు 1,250 కోట్ల డాలర్లకు కొన్నారు. బాదం పాలు, సోయా పాలు. అంత పోసినా షేరు లేవలేదు. 2020కి వాటాదారులకి పంచే డివిడెండు షేరుకి 2.10 యూరోల నుంచి 1.94కి దిగింది.

గోదారి_గట్టు:
మాస్టారూ, 2020లో ఎవరి షేరు బాగుంది చెప్పండి. హోటళ్లు మూసేస్తే నీళ్ల సీసాలు ఎవడు కొంటాడు? సరిహద్దులు మూస్తే హాంకాంగ్ మీదుగా చైనా పోయే పసిపిల్లల పాలపొడి ఆగిపోదా? అంత కష్టంలోనూ లక్షమంది ఉద్యోగులకు జూన్ ఆఖరు దాకా జీతాలకు హామీ ఇచ్చాడు. అంతకు ముందే తన ప్రత్యేక పెన్షన్ కూడా వద్దన్నాడు. మనిషి అలాంటోడు.

లెక్కల_మాస్టారు:
నెస్లే షేరు బాగానే ఉంది.

శివారు_సీతయ్య:
ప్రొటినెక్స్ వీళ్లదేనా? మా అమ్మమ్మ పొద్దున్నే పాలల్లో కలుపుకుని తాగుద్ది.

పాలమూరు_పిల్లోడు:
జూన్ ఆఖరు దాకా అన్నరు గదా అన్నా, నవంబర్‌ల ఏమైంది? 2,000 మంది దాకా కొలువులు తీసేస్తమని ప్రకటించిండు. ఎక్కువ ఆఫీసులల్లనే. జూన్‌ల విగ్రహం కూలగొట్టె, నవంబర్‌ల మనుషులను. ఆ 99 శాతం ఓటు పట్టుకొని ఏం చేసుకోవాలె?

గోదారి_గట్టు:
ఆ కోత ఆయన ఇష్టపడి పెట్టింది కాదు తమ్ముడూ. మీద ఒత్తిడి ఉంది. 2021 మొదలయ్యేసరికి లండన్ నుంచి బ్లూబెల్, అమెరికా నుంచి ఆర్టిసాన్, డానోన్ షేర్లున్న రెండు పెట్టుబడి ఫండ్లు నాయకత్వం మార్చమని పీక మీద కూర్చున్నాయి. ఆర్టిసాన్ చేతిలో ఉన్నది 3 శాతం. 3 శాతం వాడు 99 శాతాన్ని ఓడించాడన్న మాట.

లెక్కల_మాస్టారు:
ఆ 99ని వదిలేయండి బాబూ! అది నియమావళికి పడ్డ ఓటు, ఆయన కుర్చీకి కాదు. రెండూ వేరు. ఇంకో సంగతి, ఒక్క రాత్రిలో తీసెయ్యలేదు. మార్చి 1న, సీఈఓ వేరొకరు వస్తారు, నువ్వు ఛైర్మన్‌గా ఉండు అన్నారు. 14న అదీ లేదన్నారు. మీరేమో 'సాగనంపేశారు' అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

గోదారి_గట్టు:
పదమూడు రోజుల తేడాకి పది లైన్లు రాశారు. మీలాంటి షేర్ల వాళ్లకి మనిషి కనపడడు, గ్రాఫే కనపడుద్ది. 2016లో పట్టా పుచ్చుకునే పిల్లల ముందు, స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బుతో బతికి, చనిపోయిన తన తమ్ముడి గురించి మాట్లాడిన మనిషండీ ఆయన. ఏ సీఈఓ నోట విన్నాం ఇలాంటివి?

లెక్కల_మాస్టారు:
షేర్ల వాళ్లా? సరే వినండి. రిటైరయ్యాక వచ్చిన డబ్బులో సగం ఒక కంపెనీలో పెట్టాను. పేరు చెప్పను. ఛైర్మన్ ప్రతి మీటింగులో బడి కట్టించాం, గుడి కట్టించాం అని చెప్పేవాడు, మా ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకునేది. పెద్దమనిషి కదా అని బ్యాలెన్స్ షీటు తిరగెయ్యలేదు. ముప్పై ఏళ్లు బ్యాంకులో అందరి బ్యాలెన్స్ షీట్లూ చూసినోణ్ణి. రూపాయి పావలా అయింది. ఇప్పుడు ఎవడైనా తమ్ముడి గురించి మాట్లాడితే నేను లెక్కలే అడుగుతాను.

పాలమూరు_పిల్లోడు:
మాస్టారూ మీకు పైసలు పోయినయ్, బాధే. అన్నకు హీరో పోయిండు. ఆ 2,000 మంది ముచ్చట ఇద్దరికీ పట్టదు. నేను పని చేసిన కాడ 'మనమంతా ఒకే కుటుంబం' అని రాసిన కాఫీ కప్పు ఇచ్చిన్రు. నెలన్నరకు పొద్దుగాల పదకొండింటికి ల్యాప్‌టాప్ లాక్ అయింది. మేనేజర్‌కు ఫోన్ చేస్తే ఎత్తలే. కప్పు ఇంకా ఇంట్లనే ఉంది, మా అమ్మ పోపుగింజలు పోసుకుంటది. ఫాబర్ కూడా ఒక్కో ఉద్యోగికి ఒక్కో షేర్ ఇచ్చిండట. ఒక్కటి!

శివారు_సీతయ్య:
😂 పోపుగింజలు

గోదారి_గట్టు:
ఒక్క షేరైనా ఓటు హక్కే కదా. అయినా కోత పెట్టిన ప్రతివాడూ రాక్షసుడు కాదు తమ్ముడూ. పైన కూర్చున్నోడికి తెలుస్తుంది.

పాలమూరు_పిల్లోడు:
పైన కూసున్నోడి తరఫున ఇంతగనం ఎందుకు కొట్లాడుతున్నవ్ అన్నా? ఆయన నీకు చుట్టమా?

గోదారి_గట్టు:
(రెండు గంటల తర్వాత)
నాకు చిన్న ప్రింటింగ్ ప్రెస్సు ఉంది. పద్నాలుగు మంది. కరోనాలో పెళ్లికార్డులు లేవు, బడి పుస్తకాలు లేవు. మూడు నెలలు అందరికీ సగం జీతం ఇచ్చాను, ఆ తర్వాత ముగ్గుర్ని మానిపించాను. ఒకాయన మా నాన్న టైము నుంచి కంపోజింగ్ చేసినోడు. నేనూ అందరికీ 'మనమంతా ఒకటే' అని చెప్పినోణ్ణే. అబద్ధం చెప్పలేదు. ఫాబర్‌ది నాటకం అంటే నాదీ నాటకమే అన్నట్టు వినపడుతోంది, అందుకే.

లెక్కల_మాస్టారు:
ముందే చెప్పాల్సింది. షేర్లు గీర్లు అని నన్ను అనకుండా.

పాలమూరు_పిల్లోడు:
నాటకం అంటలేను అన్నా. పని మళ్ల మొదలైనంక ఆ ముగ్గురిని పిలిచినవా?

గోదారి_గట్టు:
ఒకర్ని పిలిచాను, వచ్చాడు. ఇంకొకరు హైదరాబాద్‌లో ఎక్కడో సెక్యూరిటీగా చేస్తున్నారట. కంపోజింగ్ ఆయనకి ఫోన్ చెయ్యలేదు.

శివారు_సీతయ్య:
ప్రొటినెక్స్ సంగతి ఎవరూ చెప్పలేదు.

లెక్కల_మాస్టారు:
వాళ్లదే. 2012లో వోకార్డ్ అనే మన మందుల కంపెనీ దగ్గర కొన్నారు. పాలు పెరుగు వ్యాపారమైతే 2018లో మన దేశంలో మూసేసుకున్నారు, అదీ ఫాబర్ సీఈఓగా ఉన్నప్పుడే.