పూలమడిలో రకానికొక మొక్కా, నాలుగు రకాలు గుంపులుగానా?

పచ్చతోరణం: గోడవార 3 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు మడి. 6 గంటలపైనే ఎండ పడుతుంది. ఇరవై రకాలు ఒక్కొక్కటి పెడితే ఎప్పుడూ ఏదో ఒకటి పూస్తుందని కొందరంటారు. నాలుగు రకాలే గుంపులుగా వేస్తేనే అందమని ఇంకొందరంటారు. ఏది నయం?

మట్టివేళ్లు: గుంపులే. ఒంటరి జినియా గేటు దగ్గర్నుంచి చూస్తే చుక్కంత. ఏడు కలిపి వేస్తేనే రంగు కంటికి ఆనుతుంది. అసలు ఇబ్బంది నీళ్లతో. రకానికొకటి వేస్తే కాశీతుంబ పక్కన నాచుపూలు వస్తాయి. తడి ఆరితే కాశీతుంబ మధ్యాహ్నానికే వాలిపోతుంది. దానికి సరిపడా నీళ్లు పోస్తే నాచు మొదలు కుళ్లుతుంది. ఒకే మడిలో రెండూ బతకడం కష్టం.

వానచినుకు: నేనొప్పుకోనండీ. గుంపు ఒకేసారి పూసి ఒకేసారి ఎండుతుంది, మడి బోసిపోతుంది. తెగులు సంగతీ చూడాలి. నీళ్లు నిలిచే చోట బిళ్లగన్నేరు గుంపులో ఒక మొక్కకి కుళ్లు తగిలితే పక్కవాటికి పాకుతుంది. రకాలు కలిసి ఉంటే పోయేది ఒకటో రెండో.

మట్టివేళ్లు: కుళ్లుకి కారణం గుంపు కాదు, నీళ్లు నిలవడం. అడుగు లోతు గుంత తీసి నీళ్లు నింపండి. మర్నాటికీ ఇంకకపోతే మడిని 15 సెంటీమీటర్లు ఎత్తు చెయ్యాల్సిందే, ఏ మొక్క వేసినా సరే. జినియాకి బూడిద తెగులు వచ్చేది ఎక్కువగా ఇరుకువల్ల. నారు చిన్నగా ఉందని 15 సెంటీమీటర్లకొకటి నాటేస్తారు, పెరిగాక గాలి ఆడదు. 30 ఉండాలి. ఇక బోసిపోవడం అంటారా, జినియా విత్తనాలు మూడు వారాలకోసారి కొన్ని చల్లండి. బంతి జానెడు ఎత్తుకి రాగానే తల తుంచండి, పక్కకొమ్మలు వేస్తుంది. వాడిన పువ్వుని కింద ఉన్న ఆకుల జతదాకా కత్తిరించాలి. రేకులు మాత్రం లాగేస్తే గింజ కట్టి పూత తగ్గుతుంది.

వానచినుకు: అంత కత్తిరింపు వారం వారం చేసేవాళ్లెందరండీ? చెయ్యలేనివాళ్లకి కలగలుపే మేలు.

కొమ్మరెమ్మ: ఇద్దరూ వెడల్పు సంగతి వదిలేశారు. ఒకవైపు నుంచి చెయ్యి అందేది 60, 70 సెంటీమీటర్లే. 1.2 మీటర్ల మడిలో వెనకవరస కలుపు తియ్యాలంటే ముందువరస తొక్కాలి. గోడకీ మడికీ మధ్య 30 వదలండి, మనిషి పక్కకి జరిగేంత సందు వస్తుంది. మిగిలిన 90లో 30 ఎడంతో మూడు వరసలు, వరసకి పది, మొత్తం ముప్పై మొక్కలు. ముప్పైలో ఇరవై రకాలంటే నర్సరీ ట్రేలా ఉంటుంది, కాబట్టి నా ఓటు గుంపులకే. పొడుగు బంతి వెనక, జినియా నడుమ, పొట్టి బంతి ముందు.

పచ్చతోరణం: వెనక మూలలో చామంతి గుంపు పెట్టొచ్చా? పక్కనే వరండా లైటు రాత్రంతా వెలుగుతుంది.

కొమ్మరెమ్మ: అక్కడ వద్దండీ. చామంతి మొగ్గ తొడగాలంటే రాత్రి పొడుగ్గా, చీకటిగా ఉండాలి. ఆ వెలుతురుకి ఆకులు వేస్తూ పోతుంది, పూత వెనకబడుతుంది. ఆ మూలకి జినియానే వేసి, చామంతిని లైటు పడని చివరకి మార్చండి.