కచేరీ రోజు గొంతుకు మౌనమా, సాధకమా?

ప్రశ్న: గాయని, రాజమహేంద్రవరం

ధనుర్మాసంలో ఒక దేవాలయ ప్రాంగణంలో రెండు గంటల కచేరీ ఒప్పుకున్నాను. సాయంత్రం ఆరున్నరకు మొదలవుతుంది. ఆ రోజును ఎలా గడపాలన్న విషయంలో నాకు చదువు చెప్పిన ఇద్దరు గురువుల మాటలు ఒకదానికొకటి పొసగడం లేదు. కచేరీ ఉన్నా లేకపోయినా తెల్లవారుజామున మంద్రస్థాయి (కింది స్థాయి) సాధకం మానకూడదని ఒకరు అంటారు. వేదిక ఎక్కేదాకా పెదవి విప్పవద్దని, కచేరీలో మొదట పాడే వర్ణం పాడుతుండగా గొంతు దానంతటదే తెరుచుకుంటుందని మరొకరు అంటారు. అనుభవజ్ఞులు కారణాలతో సహా తమ అభిప్రాయం తెలియజేయగోరుతున్నాను.

సమాధానం: గాత్ర విద్వాంసుడు, విజయనగరం

అమ్మా, నేను మౌనం వైపే నిలబడతాను. కచేరీ రోజున గొంతులో ఉన్న సత్తువ అంతా సాయంత్రానికి దక్కాలి. వర్ణాన్ని ముందుగా రెండు కాలాల్లో (వేగాల్లో) పాడే సంప్రదాయం ఊరికే రాలేదు. గొంతు, తాళం వేసే చేయి, మనస్సు మూడూ దానితోనే ఒక దారికి వస్తాయి. నాకు అంతకంటే ముఖ్యంగా తోచే కారణం మరొకటి ఉంది. పావుగంట సాధకమని కూర్చున్న పిల్లలు శ్రుతిపెట్టె ఆపకుండా, ఆ సాయంత్రం పాడవలసిన ప్రధాన కృతిలోకి వెళ్ళిపోతారు. నెరవులో, అంటే ఒక పంక్తిని రకరకాలుగా పెంచి పాడేటప్పుడు, ఒక సంగతి (స్వరాల మలుపు) కుదరకపోతే దానినే పదేపదే పాడతారు. మధ్యాహ్నానికి గొంతూ అలసిపోతుంది, ధైర్యమూ సడలుతుంది. మౌనం ఆ రెండింటినీ కాపాడుతుంది.

సమాధానం: సంగీతోపాధ్యాయిని, విజయవాడ

విద్వాంసులవారు పిల్లల గురించి చెప్పినది అక్షరాలా నిజం. ఆ ప్రమాదాన్ని ఏటా నా విద్యార్థుల్లో చూస్తూనే ఉన్నాను. అయినా వారి నిర్ణయంతో నేను ఏకీభవించలేను. ధనుర్మాసపు సాయంత్రం ఆరుబయట మంచు దిగుతుండగా, ఉదయం నుంచి ఒక్క స్వరమైనా పలకని గొంతుతో వర్ణం అందుకుంటే, చరణం తారస్థాయికి (పైస్థాయికి) చేరేసరికి ఆ గొంతు పలకదు. గాయని దాన్ని బలవంతంగా నెడుతుంది. మొదటి పది నిమిషాల్లో అలా బిగిసిన గొంతును తరువాత రెండు గంటలూ వదులు చేసుకోవడం ఎంత కష్టమో పాడేవారికి తెలుసు. తిరువయ్యారు త్యాగరాజ ఆరాధనలో ఉదయం ఆయన పంచరత్న కృతులను అందరితో కలిసి గోష్ఠిగా పాడిన విద్వాంసులే అదే రోజు వేదికపై విడిగా కూడా పాడుతున్నారు కదా.

మౌనాన్ని నేను కాదనడం లేదు. అది పాటించవలసిన వేళ వేరు అంటున్నాను. ఇంట్లో పగలంతా పలక మీద రాసి చూపించిన గాయని, ఐదు గంటలకు ప్రాంగణంలో అడుగుపెట్టగానే ఏమవుతుందో గమనించండి. ఒకవైపు జనరేటరు మోత, మరొకవైపు మైకువారి పరీక్షలు, మధ్యలో నిర్వాహకుల పలకరింపులు, చాలాకాలానికి కనిపించిన బంధువులు. వీటన్నిటి మధ్య వయొలిన్ వారికి కృతుల వరుస గట్టిగా అరిచి చెప్పవలసి వస్తుంది. చుట్టూ శబ్దం పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచి వైద్యుడు ఏత్యేన్ లొంబార్ 1911లోనే ప్రకటించారు. పగలంతా దాచిన గొంతు ఆ ఒక్క గంటలో ఖర్చయిపోతుంది. కృతుల పట్టిక ముందు రోజే పక్కవాద్యాలవారికి పంపించి, పలకరించడానికి వచ్చినవారితో ఇంటివారెవరైనా మాట్లాడేలా ఏర్పాటు చేసుకుంటే, అసలు మౌనం అవసరమైన చోట దక్కుతుంది.

సమాధానం: చెవి, ముక్కు, గొంతు వైద్యుడు, హైదరాబాదు

ఐదున్నర శ్రుతిలో పాడే గాయని మధ్యస్థాయి షడ్జం (‘స’) పట్టినప్పుడు గొంతులోని స్వరతంత్రులు సెకనుకు సుమారు 208 సార్లు, తారాషడ్జం (పై ‘స’) దగ్గర సుమారు 415 సార్లు కదులుతాయి. అంత వేగంగా ఒరుసుకునే పొరకు తడి అవసరం. అయితే మనం తాగిన నీరు నేరుగా స్వరతంత్రులను తాకదు, అన్నవాహికలోకి వెళుతుంది. అది శరీరమంతా చేరి గొంతుకు మేలు చేయడానికి గంటలు పడుతుంది కాబట్టి, వేదిక మీది సీసాను నమ్ముకోకుండా ముందు రోజు నుంచే నీళ్ళు తాగుతూ ఉండాలి. నేరుగా తాకేది ఆవిరి మాత్రమే.

పెరుగు మానాలా అని చాలామంది నన్ను అడుగుతారు. గొంతు జిగటగా అనిపించేవారు మానవచ్చు, తక్కినవారు దాని గురించి బెంగపడనక్కరలేదు. కచేరీకి గంట ముందు నిర్వాహకులు ప్రేమతో పెట్టే మిరపకాయ బజ్జీలే నన్ను ఎక్కువగా భయపెడతాయి. నిండు కడుపుతో బలంగా ఊపిరి తీసి పాడుతుంటే ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. భోజనం మూడు గంటల ముందే ముగించండి. బుగ్గన కరక్కాయ పెట్టుకునేవారు దాని వగరుకు నోరు ఆరిపోవడం గమనించే ఉంటారు. మాటిమాటికీ సకిలించి గొంతు సవరించుకోవడం స్వరతంత్రులను ఒకదానితో ఒకటి కొట్టడమే. మౌనం పేరుతో గుసగుసలాడడం కూడా చాలామందికి శ్రమే అవుతుంది. నొప్పి తెలియకుండా ఆస్పిరిన్ వంటి మాత్ర వేసుకుని పాడవద్దని మాత్రం గట్టిగా చెబుతున్నాను. రక్తం గడ్డకట్టే గుణం తగ్గి, స్వరతంత్రిలో రక్తస్రావం జరిగే ప్రమాదం పెరుగుతుంది.

సమాధానం: గాత్ర విద్వాంసుడు, విజయనగరం

తిరువయ్యారులో విడిగా పాడేది కొద్ది నిమిషాలే కనుక, దానిని రెండు గంటల కచేరీతో పోల్చలేము. వేదిక దగ్గరి మాటల విషయంలో మాత్రం ఉపాధ్యాయిని గారి మాట ఒప్పుకుంటాను. ఉదయం సాధకానికి హద్దు ఎవరు పెడతారన్న నా సందేహం ఇంకా అలాగే ఉంది.

సమాధానం: సంగీతోపాధ్యాయిని, విజయవాడ

హద్దు ముందే పెట్టుకోవాలండీ. కృతి పాడకూడదు, తారాషడ్జం దాటకూడదు. మూసిన పెదవులతో ‘మ్’ అని గుంజించి, తరువాత మంద్రపంచమం (కింది ‘ప’) నుంచి మెల్లగా అకారం (‘ఆ’ అంటూ స్వరాలు), ఒకటి రెండు సరళీ వరుసలు (తొలి స్వరపాఠాలు) పాడి ఆపేయాలి. కుదరని సంగతిని మనస్సులోనే పాడుకోవచ్చు.

ఈ కాస్త సాధకం కోసం నేను ఇంతగా వాదించడానికి మరొక కారణం ఉంది. ఆ రోజు గొంతు ఎలా ఉందో తెలిసేది అప్పుడే. మంద్రంలో గరగర వినిపించినా, పైస్థాయి అందకపోయినా శ్రుతి అర తగ్గించుకోవలసి రావచ్చు. ఆ విషయం మృదంగ విద్వాంసులకు మధ్యాహ్నంలోగా తెలియాలి. మృదంగం కుడివైపును గాయకుల షడ్జానికి కలుపుతారు. ఒక వాద్యాన్ని కొంతమేరకే దించగలం కనుక, వారు ఇంటి నుంచి వేరే మృదంగం తెచ్చుకోవలసి ఉంటుంది. పగలంతా మౌనంగా ఉన్న గాయనికి ఈ విషయం వర్ణం మధ్యలో తెలిస్తే ఎవరూ ఏమీ చేయలేరు. గొంతు పూర్తిగా బొంగురుపోతే కచేరీ మానుకోవడానికి, నిర్వాహకులు మరొకరిని పిలుచుకోవడానికి కూడా ఉదయమే వ్యవధి ఉంటుంది.