షియావోయావో సాన్ కషాయానికి సరిపోయే నకిలీ ద్రవం ఎలా తయారు చేయాలి?

ఫార్మకాలజీలో అనుభవం ఉన్నవారికి నమస్కారం. చైనాలో సోంగ్ వంశ కాలం నుంచి వాడుకలో ఉన్న షియావోయావో సాన్ అనే మూలికల మిశ్రమం కుంగుబాటును తగ్గిస్తుందో లేదో ఎలుకలపై పరీక్షించేందుకు ప్రణాళిక రాస్తున్నాను. కొన్ని వారాల పాటు తడిపిన ఊక, వంచిన పంజరం, రాత్రంతా వెలుతురు వంటి చిన్నచిన్న ఒత్తిళ్లను వరుస తెలియకుండా కలిగించి, ఆపైన చక్కెర నీటిపై ఎలుకకు మిగిలిన ఆసక్తిని కొలవాలని, 1977లో పోర్సోల్ట్ బృందం ప్రవేశపెట్టిన ఈత పరీక్షలో, కుంగుబాటుకు గుర్తుగా చూసే, అది కదలకుండా తేలే సమయాన్ని లెక్కించాలని నా ఉద్దేశం.

చిక్కంతా కషాయంతోనే వస్తోంది. చైహూ వేరు, డాంగ్‌గ్వీ, అతిమధురం, అల్లం, పుదీనా వంటివి కలిసి మరిగిన ఆ ద్రవం ముదురు రంగులో, ఘాటైన వాసనతో ఉంటుంది కాబట్టి, పోల్చి చూసే గుంపుకు వట్టి నీళ్లు పోస్తే, గొట్టంతో ఎలుక నోట మందు పోసేవారికి ఏది మందో చూడగానే తెలిసిపోతుంది. అలా జరిగితే ఆ మూగజీవాలు పడిన బాధంతా వృథా అవుతుందని నా ఆందోళన.

ఔషధ గుణం లేకుండా, రంగు, వాసన మాత్రం కలిసే ద్రవాన్ని మీలో ఎవరైనా తయారు చేశారా? లేక మందు పోసేవారిని, వీడియో చూసి సమయం లెక్కించేవారిని వేరుగా ఉంచితే చాలునా? మందు కేవలం హుషారు పుట్టించినా ఈతలో కదలిక పెరుగుతుంది గనుక ఓపెన్ ఫీల్డ్ పరీక్షను (ఖాళీ పెట్టెలో ఎలుక మామూలుగా ఎంత తిరుగుతుందో కొలిచేది) కూడా చేర్చుతున్నాను. దానిని ఈతకు ఎంత ముందుగా జరపడం మంచిదో కూడా దయచేసి తెలుపగలరు.