ఎండల్లో పెట్టలకు పుచ్చకాయ, మామిడి: ఎంత వరకు పెట్టొచ్చు?

మధురవాడ పెరడు: ఆరు పెట్టలు, గుడ్ల కోళ్లకిచ్చే లేయర్ దాణా. ఎండలు ముదిరాక రైతుబజారు పుచ్చకాయ, మగ్గిన బొప్పాయి, మామిడి టెంకలు రోజూ వేస్తున్నాం. రెట్ట నీళ్లలా ఉంది, రెండు తోలుగుడ్లు (గట్టి పెంకు లేని మెత్తటి గుడ్లు) పడ్డాయి. పండ్లు పూర్తిగా మానేయాలా? ఏ గింజలు తీసేయాలి?

పెందుర్తి కోళ్లగూడు: మానక్కర్లేదండి, కొలత తగ్గించండి. పెట్ట రోజుకు 100–120 గ్రాముల దాణా తింటుంది. చిరుతిండి అందులో పదో వంతు దాటకూడదు. అంటే ఆరింటికీ కలిపి 60–70 గ్రాములు, చిన్న గుప్పెడు ముక్కలు. సగం పుచ్చకాయ పడేస్తే కడుపు నీళ్లతో నిండి దాణా ముట్టవు. పెంకుకు కావాల్సిన కాల్షియం ఆ దాణాలోనే ఉంటుంది (3.5–4 శాతం), తోలుగుడ్డుకు అది అందకపోవడమే మొదటి అనుమానం. పైగా ఎండకు నోరు తెరిచి రొప్పితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గి పెంకు ఇంకా పలచబడుతుంది. కాబట్టి ముందు నీడ, చల్లటి నీళ్లు చూడండి. ఆల్చిప్పల పొడి దాణాలో కలపకుండా విడిగా చిప్పలో పెట్టండి, కావాల్సిన పెట్ట కావాల్సినంత తింటుంది. పండ్లు సాయంత్రం, దాణా తిన్నాకే. రెండు చోట్ల వేస్తే బెదిరే పెట్టకూ దొరుకుతుంది.

పుచ్చకాయ వల్లే అయితే ఒకటి రెండు రోజులు ఆపితే రెట్ట గట్టిపడుతుంది. రెట్టలో రక్తం కనిపించినా, కోడి ముడుచుకు కూర్చున్నా పశువైద్యుడికి చూపించండి.

గోపాలపట్నం: గింజల సంగతి. సీతాఫలం గింజలు విషం, ఒక్కటీ మిగల్చకుండా ఏరేయండి. ఆపిల్ గింజలూ తీసేయాలి, నలిగితే సయనైడ్ పుడుతుంది. పుచ్చ, బొప్పాయి, జామ గింజలతో భయం లేదు. అవకాడో మాత్రం గుజ్జు, తొక్క, ఆకు ఏదీ వద్దు. అందులోని పెర్సిన్ అనే విషం పక్షుల గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది. ఉప్పుకారం చల్లిన మామిడి ముక్కలూ వద్దే వద్దు.

మామిడి టెంక పొడిచి తిననివ్వండి గానీ పొడుగు పీచు వేలాడుతుంటే కత్తిరించండి, మేతసంచిలో (మెడ కింద మేత నిలిచే సంచి) ఉండలు కడుతుంది. గూట్లోనే ఉండే కోళ్లకు సన్న గులకరాళ్లు పెట్టాలి. అవి లేకపోతే తొక్కలు కందనకాయలో సరిగా నలగవు.

భీమిలి రోడ్డు: మన ఉక్కపోతకు కోసిన పండు ఇట్టే పులుస్తుంది. గంటలో తినకపోతే తీసేయండి. బూజు పట్టిన భాగం కోసి మిగతాది పెట్టడం కూడా తప్పే.

తెల్లారి మేత వేయకముందే రొమ్ము పైన కుడివైపు వేళ్లతో తడిమి చూడండి. మేతసంచి ఖాళీగా, వదులుగా తగలాలి. నీళ్ల బుడగలా ఊగుతూ నోటి నుంచి పులిసిన వాసన వస్తే మేతసంచి పులిసినట్టే. తలకిందులు చేసి కక్కించకండి, ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి కోడి చస్తుంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

మధురవాడ పెరడు: నెల పిల్లలకు?

పెందుర్తి కోళ్లగూడు: రెండు నెలలు నిండేదాకా వద్దండి, పిల్లలకిచ్చే స్టార్టర్ దాణా చాలు.