మీడియం వేవ్ మాస్టులు దించేయాలా? తీరం స్టేషన్ల సంగతేంటి?

శేషు_ట్రాన్స్‌మిటర్

అందరికీ నమస్కారం. రిటైరై ఆరేళ్లయింది. సర్వీసంతా ట్రాన్స్‌మిటర్ హాల్లోనే గడిచింది కాబట్టి నా మాటల్లో మాస్టు మీద, అంటే ఆకాశవాణి మీడియం వేవ్ టవర్ మీద, మమకారం కనిపిస్తే ముందే మన్నించండి.

2025 అక్టోబరులో ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) ప్రైవేటు రేడియోకి డిజిటల్ పాలసీ సిఫార్సులు ఇచ్చింది. హైదరాబాద్‌తో కలిపి 13 నగరాలు. ఒకే ఎఫ్ఎం ఫ్రీక్వెన్సీ మీద ఒక అనలాగ్ చానల్, దాన్ని అంటిపెట్టుకుని మూడు డిజిటల్ చానళ్లు, ఒక డేటా చానల్. బాగానే ఉంది. అంతకుముందు బైండ్ (ప్రసార సదుపాయాలు పెంచే కేంద్ర పథకం) కింద ఆకాశవాణి ఎఫ్ఎంని జనాభాలో 68 శాతం నుంచి 80 శాతానికి తీసుకెళ్తామన్నారు. 2023 ఏప్రిల్ 28న ఒకే రోజు 91 చిన్న ఎఫ్ఎంలు ప్రారంభించారు, ఒక్కోటి 100 వాట్లు. అదీ బాగానే ఉంది.

మీడియం వేవ్ (ఏఎం అంటారే, అదే) మాటెత్తితే మాత్రం అందరూ కిటికీలోంచి బయటికి చూస్తారు. విజయవాడ 837, విశాఖ 927, కడప 900, హైదరాబాద్ 738. "358.4 మీటర్లు అనగా 837 కిలోహెర్ట్జ్" అన్న అనౌన్స్‌మెంట్ మా తరానికి సుప్రభాతం. ఇవన్నీ ఉంచాలా, మూసేయాలా?

నా మాట సూటిగా చెప్తాను. లోపలి జిల్లాల్లో మూసినా పోట్లాడను. తీరంలో ఉన్నవాటిని మాత్రం కదపొద్దు. మీ అభిప్రాయాలు చెప్పండి, తిట్టినా పర్లేదు.

కిరణ్_ఎఫ్ఎం

శేషు గారూ, తిట్టను గానీ లెక్క చెప్తాను.

100 కిలోవాట్ల మీడియం వేవ్ తీసుకుందాం. మాటా పాటా ఎక్కించే మాడ్యులేషన్‌తో కలిపి సగటున 115 కిలోవాట్లు బయటికి పోతుందనుకోండి. వాల్వులు లేని సాలిడ్ స్టేట్ ట్రాన్స్‌మిటర్, 85 శాతం ఎఫిషియెన్సీ. కరెంటు 135 కిలోవాట్లు లాగుతుంది. ఏసీలు, బ్లోయర్లు కలిపితే 150. రోజుకి 17 గంటలు నడిస్తే 2,550 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు వేసుకున్నా రోజుకి 20,400. ఏడాదికి 74 లక్షలు దాటుతుంది. అందులో నాలుగింట మూడొంతులకి పైగా కేరియర్‌కే, అంటే పాటా మాటా లేని ఉత్త తరంగానికి.

అదే 10 కిలోవాట్ల ఎఫ్ఎం అయితే మొత్తం కలిపి 20 కిలోవాట్లు. ఏడాదికి 10 లక్షలు. మీ ఒక్క మాస్టు కరెంటుతో నేను ఏడు ఎఫ్ఎంలు నడుపుతాను, అదీ స్టీరియోలో.

ఇక వినేదెవరు? ఫోన్‌లో మీడియం వేవ్ రాదు, దానికి యాంటెన్నాగా కావాల్సిన ఫెర్రైట్ రాడ్ పెట్టేంత చోటే ఉండదు. ఇంట్లో రేడియో ఉన్నా ఎల్ఈడీ బల్బు, ఫోన్ ఛార్జర్, పైన సోలార్ ఇన్వర్టర్, అన్నీ కలిసి ఆ బ్యాండ్‌ని గుర్రుమనిపించేశాయి. మీ టైములో ఊరి చివర వినపడింది ఇప్పుడు స్టేషన్ పక్క వీధిలో వినపడదు.

దూరదర్శన్ 412 అనలాగ్ ట్రాన్స్‌మిటర్లని 2022 మార్చికల్లా మూడు విడతల్లో తీసేస్తానంది, వ్యూహాత్మకమైన ఓ 50 మాత్రం ఉంచుకుని. ఎవరైనా రోడ్డెక్కారా?

శేషు_ట్రాన్స్‌మిటర్

కిరణ్ గారూ, లెక్క నాకు నచ్చింది. పూర్తి చేద్దాం.

మీ 10 కిలోవాట్ల ఎఫ్ఎం మంచి టవర్ మీద 60 కిలోమీటర్లు పోతుంది. నా 100 కిలోవాట్లు పగటిపూట గ్రౌండ్ వేవ్ (నేలని అంటి పాకే తరంగం) మీద హీనపక్షం 150. వ్యాసార్థం రెండున్నర రెట్లు, అంటే విస్తీర్ణం ఆరుంపావు రెట్లు. మీ ఏడు ఎఫ్ఎంలు, నా ఒక్క మాస్టు చివరికి ఇంచుమించు ఒకే నేలని కప్పాయి. కరెంటు ఖర్చూ సమానమే. మీకు ఏడు టవర్లు, ఏడు జనరేటర్లు, ఏడు లింకులు అదనం.

ఇదంతా నేల మీద. సముద్రంలో ఆ ఏడు టవర్లు ఎక్కడ పాతుతారు?

ఎఫ్ఎం చూపుమేర వరకే పోతుంది. 150 మీటర్ల టవర్, పడవలో మూడు మీటర్ల ఎత్తున రేడియో. టవర్ సరిగ్గా ఒడ్డునే ఉందనుకున్నా 58 కిలోమీటర్ల దగ్గర రేడియో హొరైజన్ అయిపోతుంది. ఆ పైన పవర్ పెంచినా పెద్దగా లాభం లేదు. మీడియం వేవ్ అలా కాదు, నీటిని అంటిపెట్టుకుని పాకుతుంది. ఉప్పునీటి కండక్టివిటీ మామూలు మట్టికి వందల రెట్లు. నేల మీద 150 పోయేది సముద్రం మీద ఎంత పోతుందో మీరే ఊహించుకోండి.

టీవీతో పోలిక కుదరదు. టీవీకి ఫ్రీ డిష్ ఉంది. ఊగే పడవ మీద డిష్ ఎవరు కడతారు?

కిరణ్_ఎఫ్ఎం

సముద్రం పాయింట్ ఒప్పుకుంటున్నా. కానీ మీరు 1990లోని సముద్రం గురించి మాట్లాడుతున్నారు సార్. ఇస్రో చేసిన ట్రాన్స్‌పాండర్లు లక్ష బోట్లకి పెట్టే పథకం 2024 ఆగస్టులో మొదలైంది. శాటిలైట్ మీద రెండు వైపులా మెసేజ్. తుపాను హెచ్చరిక ఒడ్డు నుంచి పోతుంది, 'ఆపదలో ఉన్నాం' అని పడవ నుంచి వస్తుంది. రేడియోకి ఆ రెండోది చేతకాదు.

ఇంకోటి. తుపాను వచ్చి 120 మీటర్ల మాస్టుని పట్టి ఉంచే గై వైర్లు తెగి అది పడిపోయిందనుకోండి. ఏడు జిల్లాలు ఒక్క దెబ్బకి మూగబోతాయి. నా ఏడింటిలో రెండు పడితే ఐదు మిగుల్తాయి. పైగా 150 కిలోవాట్లకి జనరేటర్ గంటకి 40 లీటర్లు తాగుతుంది. రోడ్ల మీద చెట్లు పడి ఉన్నప్పుడు రోజుకి 680 లీటర్ల డీజిల్ ఎవరు మోసుకొస్తారు?

శేషు_ట్రాన్స్‌మిటర్

మాస్టు పడితే అన్నీ పోతాయన్నది నిజం. దానికి నా దగ్గర జవాబు లేదు.

డీజిల్‌కి ఉంది. సాలిడ్ స్టేట్‌లో పవర్ తగ్గించి నడపొచ్చు. సగానికి దించితే పోయేది 3 డీబీ (డెసిబెల్స్, సిగ్నల్ బలం కొలత). పావుకి దించితే 6. తుపాను రోజుల్లో జిల్లాలో కరెంటే ఉండదు కాబట్టి మీరన్న ఎల్ఈడీలు, ఛార్జర్లు, ఇన్వర్టర్ల గోలా ఉండదు. బ్యాండ్ శుభ్రంగా ఉంటుంది, 25 కిలోవాట్లు చాలు. ఇది మాన్యువల్‌లో ఉండదు, షిఫ్ట్ డ్యూటీలో తెలుస్తుంది.

"ఎవరూ వినట్లేదు" అన్నదాని మీద ఒక అనుభవం. నేను చేసిన ఒక కేంద్రంలో, పేరు వద్దు, మాస్టు చుట్టూ భూమిలో పాతిన 120 రాగి తీగలుండేవి. యాంటెన్నాలో సగం అదే, పైకి కనిపించదు. ప్రహరీ ఓ పక్క కూలింది. రాత్రిళ్లు ఎవరో ఆ తీగల్ని చామదుంపలు పీకినట్టు పీక్కుపోయారు. పొద్దున్నే చూస్తే మట్టిలో వరసగా సన్నటి చాళ్లు, కొసన తెగిన రాగి ముక్కలు. మాస్టు అడుగున కొలిచే బేస్ కరెంట్ రీడింగ్ మారింది. ఏటీయూ (ట్రాన్స్‌మిటర్‌ని మాస్టుకి కుదిర్చే పెట్టె) మళ్లీ ట్యూన్ చేశాం, మీటర్‌లో ఫుల్ పవర్ చూపించింది. లాగ్ బుక్‌లో అంతా నార్మల్. నలభై కిలోమీటర్ల అవతల ఫీల్డ్ స్ట్రెంగ్త్ కొలిస్తే ఉండాల్సిన దానికి సగం కూడా లేదు. ఆ పవరంతా మట్టిని వేడిచేస్తోంది!

కొత్త తీగలకి రెండేళ్లు ఉత్తరాలు రాశాను. "ట్రాన్స్‌మిటర్ ఫుల్ పవర్ ఇస్తోంది కదా" అని జవాబు. ఆ తర్వాత శ్రోతల ఉత్తరాలు తగ్గాయని ఒక నోట్ వచ్చింది. మీడియం వేవ్‌కి ఆదరణ తగ్గిందట!

వల్లి_కార్ఆడియో

శేషు గారూ, చామదుంపల పోలిక బాగుంది, నవ్వొచ్చింది. జరిగింది నవ్వాల్సిన విషయం కాదనుకోండి.

నేను చెన్నైలో కార్ల ఇన్ఫోటైన్‌మెంట్ టెస్టింగ్ చేస్తాను. ఇద్దరూ డీఆర్‌ఎం (డిజిటల్ రేడియో పద్ధతి) మాటే ఎత్తలేదేంటి? ఆకాశవాణి మీడియం వేవ్‌లో ముప్పైకి పైగా డిజిటల్ ట్రాన్స్‌మిటర్లు పెట్టింది. ఇండియాలో అమ్ముడయ్యే చాలా కార్లలో డీఆర్‌ఎం రిసీవర్ ఫ్యాక్టరీ నుంచే వస్తోంది. విచిత్రమేంటంటే కొన్నవాళ్లకే ఆ సంగతి తెలీదు. డెలివరీ రోజు షోరూమ్ కుర్రాడు సన్‌రూఫ్ గురించి పావుగంట చెప్తాడు, దీని గురించి ఒక్క ముక్క చెప్పడు.

కారు వైపు నుంచి ఇంకో తలనొప్పి ఎలక్ట్రిక్ బండ్లు. మోటార్ కంట్రోలర్ స్విచింగ్ నాయిస్ నేరుగా మీడియం వేవ్ మీద పడుతుంది. షీల్డింగ్ చేయొచ్చు, ఖర్చవుతుంది. అమెరికాలో ఫోర్డ్ ఏఎం తీసేస్తానని, గొడవయ్యాక 2023 మేలో వెనక్కి తగ్గింది. అక్కడ బలంగా వినపడిన వాదన కూడా ఎమర్జెన్సీ హెచ్చరికలే.

డీఆర్‌ఎంలో ఒక పెద్ద తేడా ఉంది. అనలాగ్‌లో సిగ్నల్ తగ్గితే గరగర పెరుగుతుంది, అయినా మాట అర్థమవుతుంది. డిజిటల్‌లో ఒక హద్దు వరకు గాజులా వినిపించి తర్వాత చటుక్కున నిశ్శబ్దం. హైవే మీద ఫ్లైఓవర్ కింద టెస్ట్ చేస్తుంటే అదే విసుగు. తుపాను రోజు నాకు గరగరే కావాలి.

కిరణ్_ఎఫ్ఎం

వల్లి గారూ, డీఆర్‌ఎం సంగతి కావాలనే ఎత్తలేదు. ట్రాన్స్‌మిటర్లు ముందు కొన్నారు, రిసీవర్లు తర్వాత వస్తాయనుకున్నారు. కార్లలోకి వచ్చాయి సరే, పొలం గట్టు మీదికి రాలేదు. పొలం గట్టు వాడికి కారుంటే ఈ చర్చే అక్కర్లేదు.

చైతు_ఈసీఈ

అన్నా, చిన్న డౌట్. డైరెక్ట్ టు మొబైల్ వస్తే ఇవన్నీ అక్కర్లేదు కదా? ఫోన్‌కే బ్రాడ్‌కాస్ట్ వచ్చేస్తుంది, నెట్ కూడా వద్దు అంటున్నారు.

కిరణ్_ఎఫ్ఎం

దానికి ఫోన్‌లో వేరే చిప్ కావాలి చైతూ. దూరదర్శన్ 2016లో 16 నగరాల్లో డిజిటల్ టెరెస్ట్రియల్ (ఫోన్‌కి డాంగిల్ తగిలించి చూసే టీవీ) మొదలుపెట్టింది. మీ ఇంట్లో ఎవరైనా ఆ డాంగిల్ చూశారేమో అడుగు. డబ్బా జనం చేతిలో లేకపోతే టవర్ ఎంత గొప్పదైనా ఒకటే. ఫోన్లలో ఎఫ్ఎం చిప్ ఆన్ చేసి అమ్మండని కేంద్రం 2023లో కంపెనీలకి చెప్పింది, నువ్వు ఈసారి ఫోన్ కొనేటప్పుడు ఉందో లేదో చూసి మరీ కొను.

శేషు గారూ, ఈ మాట మీకు కూడా వర్తిస్తుంది. సముద్రంలో సిగ్నల్ ఉంది సరే, పడవలో రేడియో ఉందా?

బందరు_రాజు

నేను ఇంజనీర్‌ని కాదు సార్, పాలిటెక్నిక్ చేసి మా నాన్న బోటు చూసుకుంటున్నా. మీ మాటలు నాలుగు రోజులుగా చదువుతున్నా. ఇప్పుడు వేట నిషేధం నడుస్తోంది, జూన్ 14 దాకా బోట్లన్నీ గిలకలదిండి హార్బర్‌లోనే. తెరిచాక నేను టెస్ట్ చేసి చెప్తా. ఏ రేడియో తీసుకెళ్లాలి?

శేషు_ట్రాన్స్‌మిటర్

రాజూ, బంగారం లాంటి మాట చెప్పావు నాయనా. మీడియం వేవ్, ఎఫ్ఎం రెండు బ్యాండ్లూ ఉన్న మామూలు బ్యాటరీ రేడియో చాలు, ఖరీదైనది వద్దు. జీపీఎస్‌లో ఒడ్డు నుంచి దూరం రాసుకో. పగలు మాత్రమే లెక్కపెట్టు. రాత్రి మీడియం వేవ్ ఆకాశం నుంచి తిరిగొస్తుంది, ఎక్కడెక్కడివో స్టేషన్లు వచ్చి లెక్క పాడుచేస్తాయి. రేడియోని పడుకోబెట్టకుండా నిలబెట్టి, మెల్లగా తిప్పి, ఎటు బాగుంటే అటు ఉంచు. ఎఫ్ఎంకి ఏరియల్ పూర్తిగా లాగు, లేకపోతే కిరణ్ గారు ఊరుకోరు.

కిరణ్_ఎఫ్ఎం

ఊరుకోను. హార్బర్‌లో ఎన్ని బోట్లలో రేడియో ఉందో కూడా అడుగు తమ్ముడూ.

బందరు_రాజు

సార్లూ, ఆలస్యమైంది, నిషేధం అయ్యాక మొదటి రెండు ట్రిప్పులు ఊపిరాడలేదు. మూడోదాంట్లో రాసుకున్నా.

ఎఫ్ఎం 20 కిలోమీటర్ల దగ్గరే తడబడింది, 28కి పూర్తిగా పోయింది. మీడియం వేవ్ 70 కిలోమీటర్ల దగ్గర కూడా మాట తెలిసింది. అంతకన్నా లోపలికి మేం పోలేదు. కానీ ఇదంతా ఇంజన్ ఆపినప్పుడే. ఇంజన్ నడుస్తుంటే ఒకటే జుయ్యిమని మోత, ఒక్క ముక్క అర్థం కాలేదు. ముందు అణియం మీదికి తీసుకెళ్తే కొంచెం నయం.

కిరణ్ అన్నా, పదకొండు బోట్లలో అడిగా. రెండింట్లో రేడియో ఉంది. ఒకాయన పొద్దున వాతావరణం వింటాడు. రెండో ఆయన దాంట్లో పెన్‌డ్రైవ్ పెట్టి పాటలు. ట్రాన్స్‌పాండర్ ఉన్నవాళ్లు ఎక్కువే, దాన్ని ఫోన్‌కి కలుపుకుని మెసేజ్ చూసుకుంటారు. మా పక్క ఫైబర్ తెప్పల వాళ్లకి రెండూ లేవు.

కిరణ్_ఎఫ్ఎం

పదకొండులో ఒక్కడు. ఏడాదికి 74 లక్షలు.

శేషు_ట్రాన్స్‌మిటర్

ఆ ఒక్కడూ, ఫైబర్ తెప్పలూ. 500 రూపాయల రేడియో తెప్పకొకటి ఇచ్చినా ఎంతవుతుందో మీరే గుణించండి, లెక్కలు మీకు బాగా వచ్చు.

రాజూ, డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ఉండదు కాబట్టి ఆ మోత ఇంజన్‌ది కాదు. ఆల్టర్నేటర్ అయ్యుండాలి. ఒడ్డునే ఉన్నప్పుడు దాని బెల్టు తీసి ఇంజన్ ఒక నిమిషం నడిపి చూడు. బెల్టు తీసినా మోత ఉంటే బ్యాటరీ వైర్లకి ఇంకేం తగిలించారో ఒక్కొక్కటే పీకి చూడు.

బందరు_రాజు

చూశా సార్. బెల్టు తీసినా పోలేదు. ఇంజన్ వేస్తే మెయిన్ స్విచ్ కూడా వేస్తాం, దాని మీద ఫోన్ ఛార్జర్ ఉంది. అది పీకగానే శుభ్రంగా వినపడింది.