వర్షాకాలంలో కోళ్ల షెడ్డుకు ఊక మేలా, రంపపు పొట్టు మేలా?

ప్రశ్న (తణుకు ప్రాంతం నుంచి):
అందరికీ నమస్కారం. ఇంటి వెనుక సిమెంటు నేల ఉన్న చిన్న షెడ్డులో 40 గ్రామప్రియ కోళ్లను పెంచుతున్నాను. వానలు మొదలయ్యాక కింద పరిచిన వరిగడ్డి అట్టకట్టి, ఉదయం తలుపు తీయగానే ఘాటు వాసనకు కళ్లు మండుతున్నాయి. గుడ్లకు కూడా రెట్ట అంటుతోంది. మాకు మిల్లు ఊక, రంపపు పొట్టు రెండూ దొరుకుతాయి. షెడ్డుకూ గుడ్ల పెట్టెలకూ ఏది వాడాలో అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.

జవాబు 1:
గడ్డి పైకి ఆరినట్టు కనిపించినా అడుగున తేమ నిలిచి బూజు పడుతుంది, ఆ బూజు కోళ్ల ఊపిరితిత్తులకు చేటు. మీకు ఊకే మంచిదని నా అభిప్రాయం. అది నీటిని అంతగా పీల్చుకోకపోయినా, విడివిడిగా ఉండి గాలి ఆడనిస్తుంది కాబట్టి త్వరగా ఆరుతుంది, కోళ్లు కెలకడానికీ వీలుగా ఉంటుంది. 2-3 అంగుళాల మందంతో మొదలుపెట్టి, రోజూ తిరగేస్తూ, అవసరమైనప్పుడల్లా కొత్త ఊక కలుపుతూ 6 అంగుళాల వరకు పెంచవచ్చు. తవుడు కలిసిన ఊకను మాత్రం తీసుకోకండి, ఎలుకలు చేరతాయి. గుప్పెడు ఊకను గట్టిగా పిండి వదిలినప్పుడు ముద్దగానే ఉండిపోతే తడి ఎక్కువైందని, మెల్లగా విచ్చుకుంటే సరిపోయిందని గుర్తు.

జవాబు 2:
పై మిత్రులతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, తేమను పీల్చడంలో రంపపు పొట్టుదే పైచేయి. వడ్రంగులు చిత్రిక పట్టినప్పుడు రాలే పలుచని పొట్టు దొరికితే ఊకలో కలిపి వాడండి. మెత్తటి పొడి వద్దు, దాని దుమ్ము కోళ్లకు పడదు, కోడిపిల్లలైతే మేత అనుకొని తినేస్తాయి. ఏది పరిచినా నీటి తొట్టె చుట్టూ తడి లేకుండా చూడటం ముఖ్యం, ఎందుకంటే రక్తపారుడు కలిగించే కాక్సీడియా అనే పరాన్నజీవి తడి, వెచ్చదనం ఉన్నచోటే బలపడుతుంది. తడి రెట్ట మీద సున్నం చల్లితే కళ్లు మండించే ఆ ఘాటు వాయువు, అమ్మోనియా, ఇంకా ఎక్కువగా వెలువడుతుంది కనుక, పాతదంతా ఎత్తివేసి, నేల కడిగి ఆరిన తరువాతే సున్నం చల్లి కొత్త ఊక పోయండి.

జవాబు 3:
గుడ్ల పెట్టెల గురించి మాత్రమే రాస్తున్నాను. 5 కోళ్లకు ఒకటి చొప్పున మీకు 8 పెట్టెలు కావాలి. అందులో బాగా ఎండిన వరిగడ్డిని ముక్కలుగా కోసి మెత్తగా పరిచి, రెట్ట పడిన గడ్డిని ఆ రోజే తీసేయండి. కోళ్లు రాత్రిపూట పెట్టెల్లోనే పడుకోవడం గుడ్లు మురికి కావడానికి పెద్ద కారణం. కూర్చునే కర్రలను పెట్టెల కంటే ఎత్తులో కట్టి, సాయంత్రం పెట్టెలు మూసి, తెల్లవారకముందే తెరవండి.