చెత్త సేకరించే కంపెనీ సప్లయ్ చైన్‌లో వెట్టిచాకిరీ లేకుండా చూడటం ఎలా? పాలసీ రాయమన్నారు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు

కొత్తగా_కొనుగోళ్లు:

అందరికీ నమస్తే. నేను చెత్త సేకరించే కంపెనీలో పర్చేజ్ విభాగంలో పనిచేస్తున్నాను. ఇళ్ల నుంచి, ఆఫీసుల నుంచి చెత్త ఎత్తుకొచ్చి మా యార్డులో బెల్టు మీద వేరు చేస్తాం. అట్ట, ప్లాస్టిక్, ఇనుము విడివిడిగా అమ్ముతాం. ఈమధ్య మా పెద్ద క్లయింట్ ఒకరు కాంట్రాక్టు రెన్యువల్‌కి ముందు ఒక ఫారం పంపారు. మీ సప్లయ్ చైన్‌లో ఆధునిక బానిసత్వం లేకుండా ఏం చేస్తున్నారు, ఎలా తనిఖీ చేస్తున్నారు, ఇలా పేజీల కొద్దీ ప్రశ్నలు. మా బాస్ దాన్ని నా టేబుల్ మీద పెట్టి "నెట్‌లో ఏదో ఒక పాలసీ దొరుకుతుంది, కంపెనీ పేరు మార్చి పంపేయ్" అన్నారు.

పంపేసేదాన్నే. కానీ ఫారం చివర డైరెక్టర్ సంతకం పక్కన "తయారుచేసినవారు" అని నా పేరు కూడా రాయాలట. అక్కడ ఆగిపోయాను.

నిజం చెప్పాలంటే మా దగ్గర ఎవరినీ గొలుసులేసి కట్టెయ్యలేదు, జీతాలు టైముకే పడతాయి. వెండర్లు మాత్రం రెండు వందల పైనే ఉన్నారు. బండ్లు, టైర్లు, డబ్బాలు, యూనిఫాం, గ్లవ్స్, బెల్టు దగ్గరికి మనుషుల్ని పంపే రెండు ఏజెన్సీలు, ఇంకా ఏవేవో. అందరికీ ఫారాలు పంపి సంతకాలు తీసుకుంటే సరిపోతుందా? లేకపోతే ముందు ఎవర్ని చూడాలి? ఈ పని నిజంగా చేసినవాళ్లు చెప్పండి.

రాత్రి_షిఫ్ట్:

అందరికీ ఫారాలు పంపొద్దండి. రెండు వందల ఫారాలు వెళ్తాయి, రెండు వందల "అవును, పాటిస్తున్నాం"లు వస్తాయి, మీ ఫైలు లావవుతుంది, అంతే.

నేను కొన్నేళ్లు ఒక రీసైక్లింగ్ యార్డులో షిఫ్ట్ సూపర్‌వైజర్‌గా చేశాను. రాత్రి బెల్టు మీద ఏజెన్సీ మనుషులే ఎక్కువ. ఒక బ్యాచ్ ఎప్పుడూ ఒకే వ్యాన్‌లో దిగేది, ఒకే వ్యాన్‌లో వెళ్లేది. అందులో ఒకాయన కాలికి రెండు సైజులు పెద్ద బూట్లు, లోపల గుడ్డలు కుక్కుకుని బెల్టు పక్కన ఈడ్చుకుంటూ నడిచేవాడు. కొత్త బూట్లు ఇస్తాను, సైజు చెప్పమని అడిగాను. నాకేసి చూడలేదు, రెండు అడుగుల అవతల నిలబడ్డ ఇంకొకడి మొహంకేసి చూశాడు. సైజు అతనే చెప్పాడు. బూట్ల సైజుకి కూడా పక్కవాడి అనుమతి కావాలా అని ఆ క్షణం అనిపించింది, కానీ లోడు ఆగకూడదు కదా, పనిలో పడిపోయాను. తర్వాత తెలిసింది, ఆ బ్యాచ్ జీతాలన్నీ పడే ఖాతా అతని చేతిలోనే ఉందట. ఆ పూట పట్టించుకోనందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

కాబట్టి మీరు మొదలుపెట్టాల్సింది వెండర్ల దగ్గర కాదు, మీ బెల్టు దగ్గర. మీ పేరోల్, ఆ రెండు ఏజెన్సీల పేరోల్ తెప్పించుకుని బ్యాంకు ఖాతా నంబర్ల ప్రకారం సార్ట్ చేయండి. ఒకే ఖాతాలోకి ఇద్దరు ముగ్గురి జీతం పడుతోందా? తర్వాత ఫోన్ నంబర్లు, ఆ తర్వాత అడ్రసులు. ఒకే ఇంటి నంబరులో పదకొండు మంది ఉంటే అది ఇల్లు కాదు. గంట పని ఇది, ఎక్సెల్ చాలు.

చట్టం_చదివినవాణ్ణి:

పైన చెప్పినది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. గొలుసుల మాట తీశారు కాబట్టి ఒకటి చెప్తాను. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930 ఒప్పందంలో ఉన్న నిర్వచనం ఇప్పటికీ అదే: ఏదో ఒక శిక్ష భయం చూపించి, మనిషి తనంతట తాను ఒప్పుకోకుండా చేయించుకునే పని. ఆ శిక్ష దెబ్బలే కానక్కర్లేదు. పాస్‌పోర్టు దాచడం, జీతం ఆపడం, "నీ అప్పు తీరలేదు" అనడం, "పోలీసులకు చెప్తే నిన్నే పంపించేస్తారు" అనడం, ఇవన్నీ వస్తాయి. ఇలాంటి గుర్తులు పదకొండు ఉన్నాయని ఆ సంస్థే ఒక జాబితా ఇచ్చింది, అది ప్రింట్ తీసి మీ సూపర్‌వైజర్లకి ఇవ్వండి. పాలసీ కంటే అదే పనికొస్తుంది. 2021 లెక్కల ప్రకారం ప్రపంచంలో 2 కోట్ల 76 లక్షల మంది ఇలా బలవంతపు పనిలో ఉన్నారు, ఎక్కువమంది ప్రైవేటు రంగంలోనే.

చెత్త పనికీ దీనికీ ఏం సంబంధం అని మీ బాస్ అడిగితే బ్రిటన్‌లో ఆపరేషన్ ఫోర్ట్ అనే కేసు గురించి చెప్పండి. పోలండ్‌లో ఇల్లూ వాకిలీ లేనివాళ్లని, జైలు నుంచి బయటికొచ్చినవాళ్లని, తాగుడుకి బానిసైనవాళ్లని మంచి ఉద్యోగం అని చెప్పి తీసుకొచ్చారు. రీసైక్లింగ్ కేంద్రాల్లో, పొలాల్లో, కోళ్ల ఫ్యాక్టరీల్లో పనికి పెట్టి, జీతాలు ముఠా చేతిలో ఉన్న ఖాతాల్లో వేయించుకున్నారు. బాధితులు 400 మందికి పైనే ఉంటారని అంచనా, 2019లో ముఠాకి శిక్షలు పడ్డాయి. ముఠా మనిషి ఒకరు ఉద్యోగాల ఏజెన్సీలోనే పనిచేసేవారు! ఆ ఏజెన్సీని అడిగితే ఏ ఫారం మీదైనా సంతకం పెట్టి ఇచ్చేది.

పాలసీ కాగితం సంగతికొస్తే, బ్రిటన్ 2015 ఆధునిక బానిసత్వ చట్టం కింద టర్నోవర్ 3.6 కోట్ల పౌండ్లు దాటిన కంపెనీ ఏటా ఒక ప్రకటన ఇవ్వాలి. బోర్డు ఆమోదం, డైరెక్టర్ సంతకం ఉండాలి. ఆస్ట్రేలియా 2018 చట్టంలో ఆ గీత 10 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల దగ్గర ఉంది. తమాషా ఏంటంటే, బ్రిటన్ చట్టం ప్రకారం "మేము ఈ విషయంలో ఏ చర్యా తీసుకోలేదు" అని రాసి సంతకం పెట్టినా చెల్లుతుంది. అంటే నిజం రాయడానికి చట్టమే దారి ఇచ్చింది. నెట్‌లోంచి ఎత్తి రాసిన గొప్పలకంటే "ఈ ఏడు ఇంతవరకే చేశాం" అని రాయడం నయం.

లెక్క_తేలాలి:

అందరూ ఏజెన్సీని అంటున్నారు, ఏజెన్సీకి మీరు గంటకి ఎంత ఇస్తున్నారో ఎవరూ అడగలేదు.

కాగితం తీసుకోండి. గంటకి కనీస వేతనం, దానిమీద పండగ సెలవుల జీతం, ఇన్సూరెన్స్, పన్ను, రవాణా, ఏజెన్సీ లాభం. కూడండి. మీరు ఇచ్చే రేటు ఆ మొత్తం కంటే తక్కువ ఉంటే ఆ తేడా ఎవడో ఒకడు తన జేబులోంచి కడుతున్నాడు. ఏజెన్సీ ఓనర్ మాత్రం కట్టడు. టెండర్‌లో అందరికంటే తక్కువ కోట్ చేసినవాడికి కాంట్రాక్టు ఇచ్చి, మళ్లీ వాడికే వెట్టిచాకిరీ వద్దని పాలసీ పంపడం మన పర్చేజ్ వాళ్లకి అలవాటే (నేనూ పర్చేజే, నన్ను కూడా కలిపే అంటున్నాను). సబ్ కాంట్రాక్టు ఇంకా పెద్ద బొక్క. ఏజెన్సీ మనుషులు చాలక ఇంకో ఏజెన్సీని అడుగుతుంది, అది ఒక మేస్త్రీని అడుగుతుంది, ఆ మేస్త్రీ పేరు మీ దగ్గర ఏ కాగితంలోనూ ఉండదు. రాతపూర్వకంగా మీ అనుమతి లేకుండా సబ్ కాంట్రాక్టు ఇవ్వకూడదని ఒక్క వాక్యం కాంట్రాక్టులో పెట్టండి.

ఇంకోటి, ఉద్యోగం కోసం మనిషి పైసా కట్టి ఉండకూడదు. కట్టాడని తేలితే అది తిరిగి ఇవ్వాలి. అప్పు చేసి ఏజెంటుకి కట్టి వచ్చినవాడు ఏం జరిగినా నోరెత్తడు, ఎందుకంటే ఆ అప్పు వడ్డీ ఊళ్లో పెరుగుతూనే ఉంటుంది.

చిన్న_కంపెనీ:

ఇవన్నీ పెద్ద కంపెనీలకి బ్రదర్. మాకు నాలుగు బండ్లు, పదహారు మంది. ఆడిటర్‌ని పెట్టే స్తోమత ఎక్కడిది? క్లయింట్ అడిగాడు, కాగితం ఇచ్చాం, అయిపోయింది. ఎవరో ఎక్కడో చేసిన దానికి మేం టెన్షన్ పడాలా?

రాత్రి_షిఫ్ట్:

@చిన్న_కంపెనీ, పదహారు మందే అయితే మీకు ఇంకా తేలికండి. పదహారు మందితో ఒక్కొక్కరితో విడివిడిగా పది నిమిషాలు మాట్లాడితే అయిపోతుంది. పెద్ద కంపెనీలకి ఆ భాగ్యం లేదు. ఒక్కటే జాగ్రత్త, వాళ్ల భాష వచ్చిన మనిషిని మీరే పెట్టుకోండి, మేస్త్రీని దుబాసీగా కూర్చోబెట్టొద్దు.

తుక్కు_ఎటుపోతుంది:

అందరూ పైనుంచి కిందికి చూస్తున్నారు, నేను రెండో వైపు నుంచి చెప్తాను. చెత్త కంపెనీ సప్లయ్ చైన్ అంటే కొన్న సరుకు మాత్రమే కాదు, అమ్మిన సరుకు కూడా. మీ ప్లాస్టిక్ బేళ్లు (నొక్కి కట్టిన మూటలు) ఎవరు కొంటున్నారు? బ్రోకరా? బ్రోకర్ తర్వాత ఎవరు? 2018లో చైనా చాలా రకాల ప్లాస్టిక్ తుక్కు దిగుమతి ఆపేశాక ఆ సరుకు ఆగ్నేయాసియా వైపు మళ్లింది. లైసెన్సు లేని షెడ్లలో దాన్ని ఏరేవాళ్లు ఎవరో, ఎంత ఇస్తున్నారో, పిల్లలున్నారో లేదో బేలు అమ్మినవాడికి తెలియదు. ప్రమాదకర వ్యర్థాలు దేశాలు దాటడం మీద ఉన్న అంతర్జాతీయ బాసెల్ ఒప్పందంలో 2021 నుంచి ప్లాస్టిక్ తుక్కు మీద కొత్త నిబంధనలు వచ్చాయి, మురికిగా కలగాపులగంగా ఉన్న ప్లాస్టిక్ పంపాలంటే తీసుకునే దేశం ముందే ఒప్పుకోవాలి. కాబట్టి బ్రోకర్‌ని ఆఖరి ఫ్యాక్టరీ పేరు అడిగితే "వ్యాపార రహస్యం" అనే మాట ఇప్పుడు అంత తేలిగ్గా చెల్లదు. చెప్పకపోతే సరుకు ఇవ్వకండి.

కొనే వాటిలో అయితే గ్లవ్స్ మొదట చూడండి. మలేషియాలో రబ్బరు గ్లవ్స్ చేసే ఫ్యాక్టరీల్లో వలస కార్మికులు ఏజెంట్లకి కట్టడానికి చేసిన అప్పుల కింద నలిగిపోయారని 2020లో అమెరికా కస్టమ్స్ దిగుమతులే ఆపింది, ఆ తర్వాతే ఆ డబ్బు కార్మికులకి తిరిగి ఇవ్వడం ఊపందుకుంది. మీ మనుషులు రోజూ చేతికి తొడుక్కునే వస్తువు అది. తర్వాత యూనిఫాం. ఎలక్ట్రిక్ బండ్లు కొంటుంటే బ్యాటరీలో వాడే కోబాల్ట్ అనే లోహం ఏ గనుల నుంచి వచ్చిందో అడగండి. ఆఫీసు పెన్నులూ పేపర్లూ వచ్చే ఏడాది చూసుకోవచ్చు.

చట్టం_చదివినవాణ్ణి:

ఒక్క ముఖ్యమైన మాట మర్చిపోయాను. రేపు పేరోల్‌లో ఏదైనా దొరికితే ఆ మేస్త్రీని పిలిచి నిలదీయకండి, ఆ ఏజెన్సీని అదే రోజు కట్ చేయకండి. అలా చేస్తే తెల్లారేసరికి ఆ మనుషులు ఇంకో ఊళ్లో ఇంకో బెల్టు దగ్గర ఉంటారు. మీ ఫైలు శుభ్రం, వాళ్ల బతుకు అదే. తెలిసింది రాసి పెట్టుకుని ముందు పోలీసులకో, కార్మిక శాఖకో, బాధితులతో పనిచేసే సంస్థకో చెప్పండి. వాళ్లు చెప్పేదాకా మామూలుగా ఉండండి. హెల్ప్‌లైన్ నంబర్ నోటీసు బోర్డు మీద కాదు, టాయిలెట్ తలుపు లోపలివైపు అంటించండి, వాళ్ల భాషలో. అక్కడైతే పక్కన ఎవడూ నిలబడడు.

కొత్తగా_కొనుగోళ్లు:

అందరికీ చాలా థాంక్స్. ఫారం ఇంకా పంపలేదు, బాస్‌ని రెండు వారాలు గడువు అడిగాను, మొహం మాడ్చుకుని ఇచ్చారు.

నిన్న ఖాతా నంబర్లు సార్ట్ చేశాను. మా సొంత పేరోల్‌లో రెండు జంటలు ఒకే ఖాతా వాడుతున్నారు, రెండూ భార్యాభర్తల జంటలే, హెచ్ఆర్‌కి ముందే తెలుసు. అయినా ఆ ఇద్దరు ఆడవాళ్లతో విడిగా మాట్లాడమన్నాను. ఒక ఏజెన్సీ లిస్టు వెంటనే పంపింది, అందులో ఏమీ కనపడలేదు. రెండో ఏజెన్సీ "ఖాతా వివరాలు కార్మికుల ప్రైవసీ, ఇవ్వలేం" అంటోంది. నంబర్లు దాచి, ఒకే ఖాతా ఎన్నిసార్లు వస్తోందో అది మాత్రం చెప్పమని మళ్లీ మెయిల్ పెట్టాను. మూడు రోజులైంది, జవాబు లేదు. రేటు లెక్క కూడా వేశాను. తక్కువ కోట్ చేసింది ఆ రెండో ఏజెన్సీయే.